జనరల్ గారి దవడ పన్ను

యుద్ధం మూడో ఏట, వానలు ముదిరిన రోజుల్లో, సరిహద్దు దగ్గర డేరాలో ఉన్న జనరల్ గారికి ఎడమ దవడలో చివరి పన్ను సలపడం మొదలుపెట్టింది. ఆ సరిహద్దులో అప్పటికే రోజుకి పదిమందో పదిహేనుమందో పోతున్నారు. ఆ కబురు పత్రికలో నాలుగో పేజీ దాటి ముందుకు వచ్చేది కాదు. జనరల్ గారి పన్ను సంగతి మాత్రం గంటలో రాజధాని దాకా పాకింది.

అక్కడి సైనిక ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఒక్కడే ఉన్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి, బట్టతల, మెత్తని చేతులు. యూనిఫాం వేసుకుంటే ఎవరివో బట్టలు అరువు తెచ్చుకున్నవాడిలా కనిపించేవాడు. పన్ను పీకితే నొప్పి తెలియనివ్వడని అతనికి పేరు. పీకుతున్నంతసేపూ నోరు మూయడని ఇంకో పేరు. రోగి నోట్లో దూది కుక్కి, పటకారు దూర్చి, "ఇంతకీ మీ తమ్ముడికి ఉద్యోగం దొరికిందా?" అని అడిగేవాడు. రోగి "ఆఁ... ఊఁ..." అంటే, "మంచిదే, మంచిదే" అని తనే సంతోషించేవాడు.

పిరికివాణ్ణని దాచుకునేవాడు కాదు. "నేను సైన్యంలో చేరింది పళ్ళు తీయడానికి. ప్రాణాలు తీయడానికి కాదు, ఇవ్వడానికి అసలే కాదు" అని రోగులందరికీ చెప్పేవాడు. వాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు అతని ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు జనరల్ గారి ఆంతరంగిక అధికారి. ఎప్పుడూ జనరల్ గారికి రెండడుగుల వెనక ఉంటాడు కాబట్టి సైన్యమంతా చాటుగా అతన్ని 'నీడ' అనేది. జనరల్ గారికి కావలసిన సరంజామా తీసుకుపోవడానికి రెండు రోజుల కిందట నగరానికి వచ్చాడు.

"బయలుదేరు డాక్టర్. ఎనిమిదికి విమానం."

డాక్టరు కిటికీలోంచి చూశాడు. వానకి ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు.

"ఈ వానలోనా సార్? జనరల్ గారే ఒకసారి ఇటు వస్తే..."

"యుద్ధం మధ్యలో జనరల్ గారు వెనక్కి వస్తే శత్రువు ఏమనుకుంటాడు?"

"పంటి నొప్పి అనుకుంటాడు సార్."

నీడ నవ్వలేదు. "సామాను సర్దుకో. కుర్చీతో సహా."

"కుర్చీ ఎందుకు సార్? స్టూలు మీద కూర్చోబెట్టి చిటికెలో పీకేస్తాను."

"జనరల్ గారిని స్టూలు మీద కూర్చోబెడతావా?"

ఆ ప్రశ్నకి సైన్యంలో జవాబు లేదు. ఆ కుర్చీ పోత ఇనుముది. కాలితో తొక్కితే పైకి లేచే నూనె పంపు, తోలు దిండ్లు, తల ఆనించుకునే కొమ్ము, అన్నీ కలిపి రెండు వందల కిలోలు. ఆరుగురు సిపాయిలు రొప్పుతూ దాన్ని ఆసుపత్రి మెట్లు దించారు.

"ఏమండీ, పోనని చెప్పండి" అంది డాక్టరు భార్య, అతని మెడకి ఉన్ని మఫ్లరు చుడుతూ.

"పోనని చెప్పడానికి వేరే ఫారం ఉంటుందే. అది నా దగ్గర లేదు."

విమానాల మైదానంలో మబ్బు కిందికి దిగి షెడ్డు కప్పు మీద కూర్చుని ఉంది. రన్‌వే మీద చీలమండ లోతు నీళ్ళు. గాలి ఒకసారి ఇటు కొడితే ఒకసారి అటు కొడుతోంది. షెడ్డు పక్కన ఒంటి గదిలో వాతావరణం చూసే ఉద్యోగి కూర్చుని ఉన్నాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, సన్నటి గొంతు. అందరూ అతన్ని మబ్బులాయన అంటారు. అతను నీడ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. 'మధ్యాహ్నం పన్నెండు లోపల ఏ విమానమూ లేవకూడదు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

నీడ అది చదివి బల్ల మీద పెట్టి, దాని మీద టీ కప్పు పెట్టాడు.

"వాతావరణం చెప్పడం నీ పని. ఎగరాలో వద్దో చెప్పడం కాదు."

"నేను చెప్పడం లేదు సార్. వాతావరణమే చెబుతోంది" అన్నాడు మబ్బులాయన, కప్పు కింద తడుస్తున్న కాగితం వంక చూస్తూ.

"జనరల్ గారి నొప్పికి మధ్యాహ్నం దాకా ఆగే ఓపిక లేదు."

పైలట్ ముప్పై రెండేళ్ళ పొడుగాటి మనిషి, తొందరపడి మాట్లాడేవాడు కాదు. వాన వంక చూసి, "సార్, ఈ గాలిలో కాకి కూడా కొమ్మ వదలదు" అన్నాడు. నీడ జేబులోంచి ఒక ఫారం తీశాడు. డాక్టరు తన దగ్గర లేదన్న ఫారం అదే.

"పోనంటే కారణం రాసి సంతకం పెట్టు. యుద్ధకాలంలో ఆ గడిలో పట్టే మాట ఒక్కటే. పిరికితనం."

పైలట్ ఆ ఫారం పైనుంచి కింది దాకా చదివాడు. మడత పెట్టి తిరిగి ఇచ్చేశాడు. విమానం వైపు నడిచాడు.

లోపల అప్పటికే సరుకు ఎక్కించారు. పత్రంలో 'మందు, ఆరు పెట్టెలు' అని రాసి ఉంది. డాక్టరుకి ఒక పెట్టె చెక్కల సందులోంచి బంగారు కాగితం చుట్టిన సీసా మెడ కనబడింది. ఇన్నేళ్ళ డాక్టరీలో అతను అలాంటి మందు ఎవరికీ రాసివ్వలేదు, పుచ్చుకోవడం మాత్రం రెండు మూడుసార్లు పుచ్చుకున్నాడు. పత్రం అబద్ధం చెప్పలేదు. మందే. పెట్టెల మీద జనరల్ గారి కొత్త పరుపు, పరుపు మీద ఆయన బూట్ల సంచీ. ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో కుర్చీని నిలబెట్టారు. మనిషి కూర్చునే సీటు ఒక్కటీ మిగల్లేదు.

"నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు డాక్టరు.

"అంత కుర్చీ పెట్టుకుని అడుగుతావేం?" అన్నాడు నీడ.

అలా డాక్టరు తన కుర్చీలో తనే కూర్చున్నాడు. రోగులు కదలకుండా కట్టే తోలు పట్టీ నడుముకి బిగించుకున్నాడు.

పైలట్ వచ్చి కుర్చీ కాళ్ళకి కట్టిన తాళ్ళని బూటుతో తన్ని చూశాడు. మొహం చిట్లించాడు. "మేస్త్రీ, గొలుసులు లేవా?"

"స్టోర్లో ఉన్నాయండీ. తాళంచెవి స్టోరు గుమాస్తా దగ్గరుంది. తొమ్మిదికి గానీ రాడు" అన్నాడు సరుకు ఎక్కించే మేస్త్రీ.

"తాళ్ళు చాలు. కుర్చీ ఎక్కడికి పారిపోతుంది?" అన్నాడు నీడ బయటినుంచి. అతను ఎక్కడం లేదు. వాన తెరిపిచ్చాక మధ్యాహ్నం విమానంలో వస్తానన్నాడు.

పైలట్ డాక్టరు పక్కన ఒక్క క్షణం ఆగాడు. "నాకూ ఒక పన్ను చన్నీళ్ళు తాగితే జివ్వుమంటోంది డాక్టరుగారూ. అక్కడ దిగాక చూద్దురుగాని."

"ఇప్పుడే నోరు తెరవండి, చూస్తాను!" అన్నాడు డాక్టరు ఆశగా. చూస్తున్నంతసేపైనా విమానం లేవదు కదా అనుకున్నాడు. పైలట్ నవ్వి ముందుకు వెళ్ళిపోయాడు. అక్కడ అతని సహాయకుడూ, వైర్‌లెస్ చూసే అతనూ కూర్చుని ఉన్నారు.

విమానం రన్‌వే చివరకి వెళ్ళి వెనక్కి తిరిగింది. ఇంజన్లు అరిచాయి. నీళ్ళు రెండు వైపులా గోడల్లా లేచాయి. ఆ నీళ్ళలో చక్రాలకి ఊపు రావడానికి చాలాసేపు పట్టింది. చివరికి ముక్కు పైకి లేచింది, నేల వదిలింది. అప్పుడు కుర్చీ కదిలింది.

తడిసిన తాళ్ళు ఒకదాని వెనక ఒకటి జారాయి. రెండు వందల కిలోల ఇనుము, అందులో కట్టేసి ఉన్న డాక్టరూ, కలిసి తోక వైపు జారిపోయారు. వెనకాలే మందు పెట్టెలు, పరుపు. బరువంతా తోకలోకి చేరేసరికి విమానం ముక్కు ఆకాశంలోకి నిలువుగా లేచింది. లేచి, ఒక క్షణం అలాగే ఆగిపోయింది. డాక్టరు తన కుర్చీలో వెల్లకిలా పడుకుని, ఎదురుగా పైన ఎక్కడో తలుపు సందులోంచి పైలట్ వీపు చూశాడు. ఆ మనిషి రెండు చేతులా విమానం నడిపే కర్రని ముందుకు తోస్తున్నాడు, ఒళ్ళంతా దాని మీద వేసి తోస్తున్నాడు. తర్వాత రెక్క ఒరిగింది.

రన్‌వే అవతల క్యాబేజీ తోటలో పడింది. ముందు భాగం నుజ్జయింది. తోక విరిగి వేరే మడిలో పడింది. ముందున్న ముగ్గురూ అక్కడికక్కడే పోయారు. తోకలో కుర్చీలో ఉన్న డాక్టరు బతికాడు. ఏ కుర్చీ జారి విమానాన్ని కూల్చిందో ఆ కుర్చీయే అతన్ని వెనక్కి లాక్కుపోయి బతికించింది. పరిగెత్తుకొచ్చినవాళ్ళకి తోటంతా మందు వాసన కొట్టింది.

డాక్టరు కింది దవడ రెండు చోట్ల విరిగింది. దవడకి తీగ కట్టడం ఆ ఆసుపత్రిలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడి దవడే విరిగింది. ఎముకల డాక్టరు తీగ పట్టుకుని నిలబడితే, ఇతను అద్దంలో చూసుకుంటూ, వేలితో ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తూ, తన నోరు తనే కట్టించుకున్నాడు. పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి తీగ. ఆరు వారాలు విప్పకూడదు. గొట్టంతో జావ తాగడమే.

మూడో రోజు నీడ వచ్చాడు. మంచం పక్కన నిలబడి కాగితం చదివాడు.

"'సరిహద్దులో గాయపడిన సైనికులకు మందులు చేర్చాలన్న తపనతో, ప్రాణాలకు తెగించి, తనంత తానుగా బయలుదేరిన వైద్యుడు...' బాగుందా?"

డాక్టరు "ఊఁ! ఊఁ ఊఁ!" అన్నాడు. తల అడ్డంగా ఊపబోతే దవడలో నిప్పు అంటుకుంది. రాయడానికి కలం ఇమ్మని చెయ్యి చాపాడు. నీడ తన కలాన్ని జేబులో పెట్టుకుని, ఆ చేతిని ఆప్యాయంగా దుప్పటి కింద పెట్టాడు.

"విశ్రాంతి తీసుకో." కాగితం కింద, 'వైద్యుడు ఎటువంటి అభ్యంతరమూ చెప్పలేదు' అని రాసుకున్నాడు. మాట్లాడలేని రోగి సంతకం అక్కర్లేదట, సాక్షి ఉంటే చాలట. సాక్షిగా తనే సంతకం పెట్టాడు.

నాలుగో వారంలో జనరల్ గారే వచ్చారు, పతకం ఇవ్వడానికి. భారీ మనిషి, సరదా మనిషి. డాక్టరు చొక్కాకి పతకం గుచ్చి భుజం తట్టారు.

"నీ బాధ నాకు తెలుసు డాక్టర్. నాకూ పన్ను నొప్పి వచ్చింది."

ఆ పన్ను ఏమైందో కూడా ఆయనే చెప్పారు. విమానం రాలేదని తెలిసి, ఆ సాయంత్రం లారీలు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించారట. వాడు డబ్బా మీద కూర్చోబెట్టి పటకారుతో పీకేశాడట. "రెండు నిమిషాలు! డబ్బా మీద! చూడు!" అని నోరు తెరిచి ఖాళీ జాగా చూపించారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నీడ అందరికన్నా అర క్షణం వెనక నవ్వాడు.

తీగ బిగుతుకి డాక్టరు పెదవులు మూతపడేవి కావు, పళ్ళు బయటికే ఉండేవి. మర్నాడు పత్రికలో మొదటి పేజీలో అతని ఫొటో పడింది. కింద, 'చిరునవ్వుతో పతకం అందుకుంటున్న వీర వైద్యుడు' అని.

ఆ పత్రిక పట్టుకుని, రెండు రోజుల తర్వాత పైలట్ భార్య డాక్టరు ఇంటికి వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేస్తుంది. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, చెవుల మీద హెడ్‌ఫోన్ నొక్కిన గుర్తులు ఇంకా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం చూసి నవ్వొచ్చింది డాక్టరుగారూ మీకు?"

డాక్టరు భార్య అడ్డం వచ్చింది. "అది నవ్వు కాదమ్మా. చూడు, తీగ. నోరు కట్టేశారు ఆయనకి."

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు కూర్చుంది.

"మబ్బులాయన్ని పట్టుకుపోయారు వదినగారూ. గట్టిగా హెచ్చరించలేదట. ఆయన వల్లే మా ఆయన పోయాడట. మొన్నటిదాకా మా ఇంటి వెనక వీధిలో ఉండేవాడు, ఆకాశంలో చిన్న మబ్బు కనబడితే మా బట్టలు తనే తీసి లోపల పడేసేవాడు. అలాంటివాడు హెచ్చరించలేదంటే నేను నమ్మను. ఏం జరిగిందో మీకు తెలుసు. నాకు చెప్పాలి."

డాక్టరు చుట్టూ చూశాడు. చేతికి అందింది మందులు రాసే చీటీల కట్ట. రాయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళుగా మాటల్లో ఖర్చుపెట్టినదంతా ఇప్పుడు కలంలోకి దిగినట్టు ఆగకుండా రాశాడు. కప్పు కింద తడిసిన కాగితం, పిరికితనం గడి, బంగారు కాగితం మెడలు, గొలుసుల తాళంచెవి, జారిన కుర్చీ, కర్ర మీద ఒళ్ళంతా వేసి తోసిన పైలట్. పన్ను జివ్వుమంటోందన్న మాట కూడా రాశాడు. ఒక్కో చీటీ అయిపోగానే అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర కొట్టాడు. ఆ రాత లోకంలో ఇద్దరికే అర్థమవుతుంది, ఆసుపత్రి కాంపౌండరుకీ, భార్యకీ. భార్య పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదివి వినిపించింది. పన్ను దగ్గరికి వచ్చేసరికి పైలట్ భార్య లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాతో చెప్పలేదు" అంది. "పన్ను నొప్పని నాతో చెప్పలేదు."

పద్నాలుగు చీటీలు. వెళ్ళేటప్పుడు అన్నీ సంచీలో పెట్టుకుంది.

"ఇవి నేను ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకి చూపిస్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పండి."

డాక్టరు ఏమీ చెప్పలేదు. ఈసారి మాత్రం అది నిజంగానే అభ్యంతరం లేకపోవడం.

దవడ తీగ విప్పిన వారానికి మబ్బులాయన మీద సైనిక విచారణ మొదలైంది. పైలట్ భార్య చీటీలను అతని తరఫు అధికారికి ఇచ్చింది, ఆయన వాటిని విచారణ ముందు పెట్టాడు. విచారణకి ముందు రోజు సాయంత్రం డాక్టరు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, "జ్వరంలో రాశానంటే సరిపోతుందేమోనే" అన్నాడు. భార్య బట్టలు మడతపెడుతూ తల ఎత్తలేదు.

"మీకు ధైర్యం లేదని పెళ్ళయిన వారానికే తెలిసింది నాకు. అబద్ధం చెప్పడం కూడా రాదని తర్వాత తెలిసింది. ఆ రెండూ లేని మనిషి రేపు ఏం చేస్తాడో చూడాలనుంది. నేనూ వస్తాను."

విచారణ పొడుగాటి హాల్లో జరిగింది. పైన కల్నల్, అటూ ఇటూ ఇద్దరు. బోనులో మబ్బులాయన. అతని కాగితం దొరికింది, కప్పు మరక గుండ్రంగా కనబడుతూనే ఉంది. ఆరోపణ ఏమిటంటే, హెచ్చరికలు ఎర్ర సిరాతో రాయాలని నిబంధన, ఇతను నీలం సిరాతో రాశాడు. నీలం సిరా చూసి ఎవరైనా మామూలు కబురే అనుకుంటారు. అందుకని ముగ్గురు చనిపోయారు.

చీటీలు కల్నల్ చేతికి వచ్చాయి. ఆయన ఒకటి తిప్పి చూశాడు. తలకిందులుగా పెట్టి చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. "ఇది ఏ భాష?"

ఎవరూ చదవలేకపోయారు. చదవలేనిది సాక్ష్యం ఎలా అవుతుందని నీడ సన్నగా గొణిగాడు. మబ్బులాయన తరఫు అధికారి లేచి, కాంపౌండరుని పిలిపించమన్నాడు.

కాంపౌండరు ముసలివాడు, కళ్ళజోడు ముక్కు చివర. అతనికి విచారణంటే ఏమిటో పట్టలేదు. చీటీ ఇస్తే చదవడం అతని పని. మందులు ఇచ్చే కిటికీ దగ్గర చదివినట్టే పెద్ద గొంతుతో, ఒకే వరసలో చదివాడు.

"'జనరల్ గారిని స్టూలు మీద కూర్చోబెడతావా అని అడిగాడు. కాబట్టి కుర్చీ.' సంతకం. 'రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోండి.'"

"ఆ చివరిదేమిటి?" అన్నాడు కల్నల్.

"ప్రతి చీటీ కిందా అచ్చు వేసి ఉంటుందండీ."

"అది చదవక్కర్లేదు."

"మొత్తం చదవమన్నారు కదండీ" అన్నాడు కాంపౌండరు నొచ్చుకుని. మొత్తమే చదివాడు. "'పెట్టెల్లో మందు. తాగే మందు. రోజుకు రెండుసార్లు...' ఆగండి, అది అచ్చు." హాల్లో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "'కుర్చీ కదిలింది... భోజనానికి ముందు'... కాదు కాదు, క్షమించండి, 'బోల్తా పడక ముందు'."

పన్నెండో చీటీకి హాల్లో నవ్వు ఆగిపోయింది. అందులో పైలట్ కర్రని ముందుకు తోయడం ఉంది. కాంపౌండరు గొంతు కూడా అక్కడ కాస్త తగ్గింది. పళ్ళు తోముకోమన్న మాట తనంత తనే వదిలేశాడు.

చదవడం అయ్యాక కల్నల్ డాక్టరుని పిలిచాడు. దయగా చూశాడు. "ఇది నీ రాతే కావచ్చు. పెద్ద గాయం, విపరీతమైన జ్వరం. ఆ స్థితిలో మనిషి ఏవేవో రాస్తాడు. అంతే కదా డాక్టర్?"

పళ్ళెంలో పెట్టి ఇచ్చిన జవాబు. అవునంటే ఇంటికి పోవచ్చు, పతకం చొక్కా మీదే ఉంటుంది. డాక్టరు దవడ పూర్తిగా తెరుచుకోవడం లేదు, మాట పళ్ళ మధ్యనుంచే వచ్చేది.

"జ్వరం లేదు సార్. రాత నాదే. ఒక్కటి మాత్రం రాయలేదు."

హాలంతా అతని వైపు తిరిగింది.

"రన్‌వే చివర విమానం వెనక్కి తిరిగినప్పుడే కుర్చీ జానెడు జరిగింది. నాకు తెలిసింది. పైలట్‌ని కేకేసి చెప్పొచ్చు, టైముంది. కేకేయలేదు. వానకి భయపడి సాకులు చెబుతున్నానని అనుకుంటాడేమోనని... నేను పిరికివాణ్ణని ఊరంతా చెప్పుకుంటాను సార్. ఆ ఒక్కసారి మాత్రం అలా కనబడటానికి సిగ్గేసింది."

కల్నల్ గడియారం చూసుకుని భోజన విరామం అన్నాడు.

తీర్పు సాయంత్రం వచ్చింది. మబ్బులాయనని వదిలేశారు, ఇకముందు ఎర్ర సిరా వాడమని మందలించి. ప్రమాదానికి కారణం వాతావరణమని తేల్చారు. కుర్చీ ప్రస్తావన లేదు. చీటీలను రహస్య పత్రాలుగా బీరువాలో పెట్టారు. వాటిని ఎలాగూ ఎవరూ చదవలేరు, దాచడం ఎందుకో.

మెట్ల దగ్గర పైలట్ భార్య నిలబడి ఉంది. డాక్టరు ఆమె ముందుకు వెళ్ళి ఆగాడు. థాంక్స్ చెబుతుందేమోనని ఒక మూల ఆశ లేకపోలేదు.

"ఆ జానెడు సంగతి నాకు రాసివ్వలేదు మీరు" అంది.

"చెయ్యి రాలేదమ్మా."

ఆమె తల ఊపింది. క్షమించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. డాక్టరు భార్య చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, డ్యూటీకి టైమైందని బస్సు కోసం వెళ్ళిపోయింది. డాక్టరు ఆ రాత్రీ, ఆ తర్వాత చాలా రాత్రులూ, ఆ జానెడు కొలుస్తూ పడుకున్నాడు.

పతకం ఇవ్వడంలో గుమాస్తా పొరపాటు జరిగిందని వారం తర్వాత ఉత్తరం వచ్చింది, వెనక్కి పంపమని. దాంతోపాటే బదిలీ కాగితం, సరిహద్దు పక్కన కొండ మీది శిబిరానికి. నీడకి హోదా పెరిగింది. ఇక రెండడుగులు కాదు, ఒక్క అడుగు వెనకే.

ఇవన్నీ ఇలాగే సద్దుమణిగేవి. కానీ ఎక్స్ఛేంజీలో కూర్చున్న మనిషికి ఊరి చెవులన్నీ అందుబాటులో ఉంటాయి. ఆ చీటీలు బీరువాలోకి పోకముందే డాక్టరు భార్య ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి ఇచ్చిన నకలు పైలట్ భార్య దగ్గర ఉంది. ఆమె, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళూ ఎవరికీ ఏమీ ప్రచారం చేయలేదు. లైను కలిసేదాకా ఆగమన్నప్పుడు, ఆగినవాళ్ళకి కాలక్షేపానికి ఒక్కో చీటీ చదివారు, అంతే.

నెల తిరక్కముందే కొత్త జబ్బు బయల్దేరింది. జనరల్ గారి కారు వీధిలోంచి పోతుంటే, ఫుట్‌పాత్ మీద మనుషులు ఎడమ చెంప మీద అరచెయ్యి పెట్టుకుని "అబ్బా" అని మూలిగేవారు. సినిమా హాల్లో వార్తా చిత్రంలో ఆయన కనబడితే హాలంతా చెంపలు పట్టుకునేది. పోలీసులు ఇద్దర్ని పట్టుకెళ్ళారు. ఇద్దరూ పన్ను నొప్పన్నారు. నోరు తెరిచి చూస్తే ఇద్దరికీ నిజంగానే పుచ్చు పళ్ళున్నాయి, వదిలేయక తప్పలేదు.

కొండ శిబిరంలో డాక్టరుకి కుర్చీ లేదు. ఆరు నెలల తర్వాత ఒక ఉదయం ఒక సిపాయి ఎడమ చెంప పట్టుకుని అతని డేరాలోకి వచ్చాడు.

"ఏ పన్ను బాబూ?" అన్నాడు డాక్టరు, స్టూలు ముందుకు జరుపుతూ.

"నొప్పేం లేదండీ. జనరల్ గారు శిబిరం చూడ్డానికి వస్తున్నారు. గేటు దగ్గర మావాళ్ళంతా మూలుగు సాధన చేస్తున్నారు. మీరు కూడా వస్తారేమోనని అడగడానికి వచ్చాను."

డాక్టరు నవ్వలేదు. అతన్ని కూర్చోబెట్టి నోరు తెరవమన్నాడు. కింద రెండు పళ్ళు లోపల్నుంచి డొల్లగా ఉన్నాయి. బయట కార్ల చప్పుడు దగ్గరపడింది, మూలుగులు లేచాయి, చప్పుడు దూరమైంది. ఆ లోపల ఆ రెండు పళ్ళూ తీసేశాడు. తీస్తున్నంతసేపూ ఒక్క మాటా మాట్లాడలేదు.